చిన్నపిల్లలున్న నాన్నని కమిటీలోకి లాగకండి

"దేవుని పని నువ్వు చూసుకో, నీ ఇంటి పని దేవుడు చూసుకుంటాడు." మన క్రైస్తవ సంఘాల్లో పుట్టి పెరిగినవాళ్ళకి ఈ మాట కొత్త కాదు. మొన్న మా పురుషుల కూడికకి బయటి నుంచి వచ్చిన ప్రసంగీకుడు మళ్ళీ ఇదే అన్నారు, అందరూ గట్టిగా ఆమేన్ అన్నారు, నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒకసారి తల తిప్పి నా వైపు చూశారు. ఆ చూపు ఎందుకో నాకు తెలుసు. ఈసారి కమిటీలో ట్రెజరర్‌గా ఉండమని నన్నడిగారు, లెక్కలు రాసే ఉద్యోగం కాబట్టి నేనైతే సరిగ్గా సరిపోతానని అనుకున్నారు, నేనేమో వద్దన్నాను. పాపకి తొమ్మిదేళ్ళు, చిన్నోడికి ఐదు, వీళ్ళు కాస్త పెద్దయ్యేదాకా నన్ను వదిలేయండి అయ్యగారూ, తర్వాత ఏ పని చెప్పినా చేస్తాను అన్నాను. మా సంఘ కాపరి అయ్యగారు ఏమీ అనలేదు, సరే బాబూ ప్రార్థన చేద్దాం అన్నారు. చిక్కంతా మిగతావాళ్ళ దగ్గరే వచ్చింది. పిల్లలు నీ ఒక్కడికే ఉన్నారా, మేమందరం పెంచలేదా, చదువుకున్నవాళ్ళే ఇలా తప్పుకుంటే ఇక సంఘాన్ని ఎవరు నడుపుతారు, ఇలా.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చిన్నపిల్లలున్న ఉద్యోగస్తుడైన తండ్రిని సంఘం తనంతట తానే కమిటీ పనుల నుంచి, రాత్రి మీటింగుల నుంచి కొన్నేళ్ళు పక్కన పెట్టాలి. అతను అడగకముందే పెట్టాలి, అతని భక్తి తగ్గిందని అనుకోకుండా పెట్టాలి. సంఘం మీద కోపంతో ఈ మాట అనట్లేదు. నాకు చదువొచ్చింది, పాట వచ్చింది, నలుగురిలో నిలబడి మాట్లాడే ధైర్యం వచ్చింది, అన్నీ సంఘం వల్లే. నా పెళ్ళి కూడా సంఘం పెద్దలు కుదిర్చిందే. అందుకే ఇంత దూరం ఆలోచిస్తున్నాను.

ఆదివారం ఎలా గడుస్తుందంటే

ట్రెజరర్ పని బయటి నుంచి చూసేవాళ్ళకి చిన్నదిగా కనిపిస్తుంది. ఆరాధన అయిపోయి ఆశీర్వాదం చెప్పగానే అందరూ బయటికొచ్చి వందనాలు చెప్పుకుంటారు, పిల్లలు గేటు దగ్గర ఐస్ బండి చుట్టూ చేరతారు. ట్రెజరర్ మాత్రం కానుకల సంచులు పట్టుకుని వెస్ట్రీలోకి, అంటే చర్చి పక్క గదిలోకి వెళ్ళాలి. నోట్లు వేరు, చిల్లర వేరు, కవర్లు వేరు. కవర్ల మీద పేర్లు ఉంటాయి, పుట్టినరోజు కృతజ్ఞత, పెళ్ళిరోజు కృతజ్ఞత, ఆపరేషన్ బాగా జరిగినందుకు కృతజ్ఞత, ఒక్కోటి చదివి రిజిస్టర్‌లో ఎక్కించి రశీదు రాయాలి. పక్కన ఇంకొకరు ఉండి తీరాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి, మొత్తం కలవకపోతే మళ్ళీ మొదటి నుంచి. ఇది అయ్యేసరికి మధ్యాహ్నం రెండు దాటుతుంది. అప్పుడు ఎవరో వచ్చి బ్రదర్ ఒక్క పది నిమిషాలు, సమాధుల తోట గోడ కాంట్రాక్టర్ వచ్చాడు మాట్లాడదాం అంటారు. ఇంటికెళ్ళేసరికి పిల్లలు తిని పడుకుని ఉంటారు.

అది ఆదివారం. శుక్రవారం ఉపవాస ప్రార్థన, వారం మధ్యలో గృహకూడిక, నెలకోసారి కమిటీ మీటింగు, అది రాత్రి ఎనిమిదికి మొదలైతే ఎప్పుడు ముగుస్తుందో ఎవరికీ తెలీదు. ఈస్టర్‌కి ముందొచ్చే లెంట్‌లో నలభై రోజులూ రోజుకో ఇంట్లో ప్రార్థన, మే నెలలో పిల్లలకి సెలవుల బైబిల్ బడి, అదే వీబీఎస్, తర్వాత కోతపండగ, డిసెంబర్ వచ్చిందంటే సెమీ క్రిస్మస్‌లు, క్యారల్స్‌తో అర్ధరాత్రి దాకా వీధులు, ఆఖరికి డిసెంబర్ 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధన. ఇవన్నీ నాకు ఇష్టమే, క్యారల్స్ అంటే ఇప్పటికీ ప్రాణం. కానీ కమిటీలో ఉన్న మనిషి వీటిలో ఏదీ తప్పించుకోలేడు, తప్పించుకుంటే మాట పడాలి.

ఇక ఉద్యోగం. నేను చేసేది బెజవాడ ఆటోనగర్‌లో, లారీ స్పేర్ పార్టుల హోల్‌సేల్ షాపులో అకౌంట్స్. ప్రతి నెలా 11వ తేదీ లోపు జీఎస్టీఆర్-1, 20వ తేదీ లోపు 3బీ అనే జీఎస్టీ రిటర్నులు వెళ్ళాలి, అంటే నెలలో రెండుసార్లు నాలుగైదు రోజులు రాత్రి తొమ్మిదింటికి కూడా బయటపడటం కష్టం. మార్చి నెల సంగతి చెప్పక్కర్లేదు. మా ఆవిడ ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్స్, తనకి నైట్ డ్యూటీ పడ్డ వారం ఇల్లు నా చేతిలో ఉంటుంది. చిన్నోడికి అన్నం పెట్టడం, పాప డైరీ చూసి సంతకం పెట్టడం, పొద్దున్నే యూనిఫాంలు, టిఫిన్ బాక్సులు. ఇందులో గొప్పేం లేదు, ఎవరింట్లో అయినా అంతే.

అందులోనూ ఇప్పుడు పని గంటలు పెరుగుతున్నాయే గానీ తగ్గట్లేదు. 2025లో మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రైవేటు సంస్థల్లో రోజుకి పని గంటల పరిమితిని 9 నుంచి 10కి పెంచాలని నిర్ణయించింది, తెలంగాణ కూడా అదే ఏడాది వాణిజ్య సంస్థల్లో రోజుకి 10 గంటలకి అనుమతిచ్చింది, వారానికి 48 దాటకూడదనే షరతు ఉందిలెండి. ఆడవాళ్ళకి ప్రసూతి సెలవు 2017 నుంచి 26 వారాలు చేశారు, మంచి పని. తండ్రికి? కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 15 రోజులు. ప్రైవేటులో పనిచేసే మాలాంటివాళ్ళకి ఇవ్వాలని చెప్పే చట్టమే లేదు, యజమాని దయ. మా చిన్నోడు పుట్టినప్పుడు నేను తీసుకున్నవి క్యాజువల్ లీవులు. ఆఫీసు, చట్టం ఎలాగూ తండ్రిని తండ్రిగా చూడవు, సంఘమైనా చూడాలి కదా అనేది నా బాధ.

మా నాన్నగారు చేశారు కదా అంటే

నాకు అందరూ చెప్పే ఉదాహరణ మా నాన్నగారే. రాయనపాడు వ్యాగన్ వర్క్‌షాపులో పనిచేసేవారు, సంఘంలో చాలా ఏళ్ళు సెక్రటరీగా ఉన్నారు, సండేస్కూలు ఆయనే నడిపేవారు. మీ నాన్న అంత చేశాడు, నీకేమైంది తమ్ముడూ అని అడుగుతారు. ఆ ప్రశ్నకి సమాధానం చెప్పాలంటే ఆయన రోజు ఎలా ఉండేదో చెప్పాలి.

వర్క్‌షాపు సైరన్ మోగితే పని అయిపోయినట్టే. ఆ తర్వాత ఆయన్ని పిలిచేవాళ్ళు లేరు, జేబులో ఫోన్ లేదు. సాయంత్రం స్నానం చేసి, టీ తాగి, చర్చికి బయల్దేరేవారు. ఇంట్లో నానమ్మ, బాబాయి, పిన్ని ఉండేవాళ్ళు. అన్నిటికంటే ముఖ్యం, ఆయన ఎప్పుడూ ఒక్కరే వెళ్ళేవారు కాదు. నేనూ అన్నయ్యా వెనకాలే. ఆయన మైక్ సెట్ సర్దుతుంటే నేను వైరు చుట్టేవాణ్ణి, అన్నయ్య చాపలు పరిచేవాడు, మీటింగు జరుగుతుంటే ఆ చాపల మీదే నిద్రపోయేవాళ్ళం, ఆయన భుజాన వేసుకుని ఇంటికి తెచ్చేవారు. అంటే మా నాన్నగారు సంఘం పని చేసిన గంటలన్నీ మాతో గడిపిన గంటలే. నేను ట్రెజరర్‌గా వెస్ట్రీలో తలుపేసుకుని డబ్బులు లెక్కపెడుతుంటే మా చిన్నోణ్ణి ఎక్కడ కూర్చోబెట్టుకోవాలి?

అసలు ఈ రాత్రి కూడికల అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడాలి. మన పాత మిషన్ సంఘాలు చాలావరకు పల్లెల్లో, వ్యవసాయ కూలీల మధ్య పుట్టినవి. పగలంతా పొలంలో పని, పొద్దుగూకాక ఇంటికొస్తే అప్పుడు గంట కొట్టేవాళ్ళు, పంతులుగారు లాంతరు పెట్టుకుని ప్రార్థన నడిపేవారు. అమ్మా నాన్నా పిల్లలూ ముసలమ్మలూ అందరూ వచ్చేవాళ్ళు, అదే వాళ్ళ బడి, అదే వాళ్ళకి నలుగురు కలిసే చోటు. 1912లో దోర్నకల్‌కి బిషప్ అయిన అజరయ్యగారు బాప్తిస్మం తీసుకున్న ప్రతివాళ్ళతో తల మీద చెయ్యి పెట్టించి, నేను సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని పలికించేవారట. చదువు రాని కూలీ కూడా సంఘం పని తనదే అనుకున్నాడు కాబట్టే ఇవాళ మనం ఉన్నాం. ఆ చరిత్రని నేను తక్కువ చెయ్యను. కానీ అక్కడ రాత్రి కూడిక ఇంటిల్లిపాదినీ ఒక చోట చేర్చింది, ఇక్కడ బెజవాడలో అదే రాత్రి కూడిక నాన్నని ఇంట్లోంచి తీసుకెళ్ళిపోతోంది. వేళ అదే, జరుగుతున్నది మాత్రం పూర్తిగా తలకిందులైంది.

నన్ను ఇబ్బంది పెట్టే మాట

నా వాదనకి అడ్డం వచ్చేదాన్ని కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది నాకు ఇంకా పూర్తిగా తేలలేదు. మా సంఘంలో ఒకాయన ఉన్నారు, ఆటోనగర్‌లోనే లారీ బాడీ కట్టే షెడ్డులో వెల్డర్. షెడ్డులో ఆయన్ని అందరూ ఒరేయ్ అని పిలుస్తారు, ఓనర్ కొడుకు, ఆయన కంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడు, వాడు కూడా ఒరేయ్ అనే అంటాడు, నేను చెవులారా విన్నాను. ఆదివారం అదే మనిషి తెల్ల చొక్కా వేసుకుని కానుకల సంచి పట్టుకుని నడుస్తుంటే ఎల్డర్ గారు, సంఘ పెద్ద. అయ్యగారు కూడా ఆయన్ని గారు అనే పిలుస్తారు. మా ఊళ్ళలో, మా తాతల కాలంలో, చెప్పులు చేతిలో పట్టుకుని నడవమన్న వీధులు ఉన్నాయి. అలాంటి మనుషులకి సంఘం కుర్చీ వేసింది, పదవి ఇచ్చింది, సంతకం పెట్టే పుస్తకం ఇచ్చింది. అలాంటి చోట నుంచి నాన్నల్ని కొన్నేళ్ళు పక్కన పెట్టండి అనడం తేలిక, ఆ పక్కన పెట్టడంలో ఆయన పోగొట్టుకునేది నేను పోగొట్టుకునే దానికంటే చాలా ఎక్కువ.

ఇంకోటి, మగవాళ్ళకి స్నేహం దొరికే చోట్లు తక్కువ. మా వీధిలో సాయంత్రం మగవాళ్ళు కూర్చోవాలంటే వైన్ షాపు పక్కన కూర్చోవాలి, లేదా ఫోన్లో బెట్టింగ్ యాప్ పెట్టుకుని క్రికెట్ చూడాలి. సంఘం పని పెట్టుకున్నాక తాగుడు మానేసిన తండ్రులు నాకు తెలుసు, వాళ్ళ భార్యల్ని అడిగితే బాబూ ఆయన్ని రోజూ చర్చికే తీసుకెళ్ళండి అంటారు. వాళ్ళ ఇళ్ళలో కమిటీయే పిల్లలకి తండ్రిని తిరిగి తెచ్చింది. దీనికి నా దగ్గర ఎదురు మాట లేదు.

అందుకే నేను అడుగుతున్నది పదవులు తీసేయమని కాదు. ఆ వెల్డర్ గారు ఎల్డర్‌గానే ఉండాలి, ఆదివారం సంచి ఆయనే పట్టుకోవాలి. వారంలో నాలుగు రాత్రులు ఆయన్ని ఇంటి నుంచి బయటికి లాగకుండా ఆ గౌరవం ఇవ్వొచ్చు. గౌరవానికీ మీటింగుల లెక్కకీ ముడి వేసింది మనమే.

మరి అమ్మలకో అని మా ఆవిడ అడిగింది, న్యాయమైన ప్రశ్న. సంఘంలో ఆడవాళ్ళ సమాజం, స్త్రీల మైత్రి, దాని పనులు ఉంటాయి, విందు ఉంటే వంట దగ్గర వాళ్ళే, ఆ పైన ఇల్లు, ఉద్యోగం. వాళ్ళకీ సెలవివ్వాలి. కానీ వాళ్ళకి సంఘం సెలవిచ్చినా ఇవ్వకపోయినా పిల్లలు వాళ్ళ పక్కనే ఉంటారు, మా చర్చిలో మగవాళ్ళు ఒక వైపు ఆడవాళ్ళు ఒక వైపు కూర్చుంటారు కాబట్టి ఆరాధనలో కూడా పిల్లలు తల్లి ఒడిలోనే. ఎవరు రోజులో ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో చూసే టైం యూజ్ సర్వే 2024లో కేంద్రం చేసింది, అందులో 15 నుంచి 59 ఏళ్ళ వయసు ఆడవాళ్ళలో 41 శాతం మంది ఇంట్లోవాళ్ళని చూసుకునే పనిలో ఉంటే మగవాళ్ళలో 21.4 శాతమే ఉన్నారు, ఆ ఉన్నవాళ్ళలో కూడా ఆడవాళ్ళు రోజుకి 140 నిమిషాలు పెడితే మగవాళ్ళు 74 నిమిషాలు. ఈ 74 నిమిషాల్లోంచి మనం ఇంకా కోసుకుంటున్నాం, దానికి దేవుని పని అని పేరు పెట్టి.

బైబిల్లో ఏముంది మరి

మొదట రాసిన ఆ మాట, నీ ఇంటి పని దేవుడు చూసుకుంటాడు అనేది, బైబిల్లో ఎక్కడా లేదు. దగ్గరగా ఉన్నది మత్తయి 6:33, ఆయన రాజ్యమును నీతిని మొదట వెదకుడి, అప్పుడవన్నియు మీకనుగ్రహింపబడును. ఆ "అవన్నియు" ఏంటో రెండు వచనాలు పైకి చదివితే తెలుస్తుంది, ఏమి తిందుమో, ఏమి త్రాగుదుమో, ఏమి ధరించుకొందుమో అని. తిండి, బట్ట. పిల్లల్ని పెంచడం ఆ లెక్కలో లేదు.

పోనీ పౌలు ఏమన్నాడు? 1 తిమోతి మూడో అధ్యాయంలో సంఘంలో పదవికి అర్హతలు చెబుతూ, "ఎవడైనను తన యింటివారిని ఏలనేరక పోయినయెడల అతడు దేవుని సంఘమును ఏలాగు పాలించును?" అన్నాడు. పన్నెండో వచనంలో పరిచారకులకి కూడా అదే షరతు. అంటే ముందు ఇల్లు, తర్వాత సంఘం, వరస స్పష్టంగా ఉంది. మనం ఈ వాక్యాన్ని ఎన్నికల ముందు చదివి, ఎన్నికయ్యాక ఆ మనిషి ఇల్లు చూసుకునే టైం మొత్తం మనమే తీసుకుంటున్నాం.

యాజకుడైన ఏలీ సంగతి అందరికీ తెలుసు, నలభై ఏళ్ళు ఇశ్రాయేలుకి న్యాయం తీర్చాడు, కొడుకులు చెడిపోయారు. నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది సమూయేలు ప్రవక్త. చిన్నపిల్లాడిగా మందిరంలో పడుకున్నప్పుడు దేవుడు అతనికి చెప్పిన మొట్టమొదటి సంగతే ఏలీ ఇంటి గురించి, కొడుకుల్ని అడ్డగించలేదని. ఆ సమూయేలు పెద్దయ్యాక ఏటేటా బేతేలు, గిల్గాలు, మిస్పా తిరిగి న్యాయం తీర్చేవాడని 1 సమూయేలు ఏడో అధ్యాయం చివర ఉంటుంది. ఎనిమిదో అధ్యాయం మొదట్లోనే అతని కొడుకులు లంచాలు తిన్నారని ఉంటుంది. తిరుగుళ్ళ వల్లే కొడుకులు అలా అయ్యారని బైబిల్ చెప్పలేదు, నేనూ చెప్పను. తండ్రి ఇంట్లోనే ఉన్నా పాడయ్యే పిల్లలు ఉంటారు. అయినా ఏలీని అంత దగ్గర నుంచి చూసిన మనిషి ఇంట్లోనే మళ్ళీ అదే జరిగిందంటే, దేవుని పనిలో ఉన్నాం కదా అన్న ధీమా ఏ ఇంటికీ కాపలా కాయదని మాత్రం అర్థమవుతుంది.

దీనికి ఎదుటివాళ్ళు నాకు చెప్పే జవాబు మత్తయి 10:37, కుమారుని గానీ కుమార్తెను గానీ నాకంటె ఎక్కువగా ప్రేమించువాడు నాకు పాత్రుడు కాడు. గట్టి మాట, తప్పించుకోవడానికి లేదు. నేను దాన్ని ఒప్పుకుంటాను. కానీ అక్కడ "నాకంటె" అన్నాడు యేసు, కమిటీ మీటింగు కంటె అనలేదు. పైగా అదే యేసు మార్కు 7లో, అమ్మానాన్నలకి చెందాల్సినదాన్ని కొర్బాను, దేవుడికి ఇచ్చేశాను అని చెప్పి ఎగ్గొట్టేవాళ్ళ మీద కోప్పడ్డాడు. తల్లిదండ్రుల పాలు దేవుడి పేరు చెప్పి ఎగ్గొట్టడం తప్పయితే పిల్లల పాలు ఎగ్గొట్టడం ఎలా ఒప్పవుతుంది?

స్కూటర్ మీద

ఆదివారం పిల్లలతో గడుపు చాలు, క్వాలిటీ టైం అంటారు కదా అని ఒకాయన సలహా ఇచ్చారు. పిల్లలు ఒక టైం పెట్టుకుని మాట్లాడరండి. పాపని ట్యూషన్ నుంచి తెచ్చేది నేనే, షాపు నుంచి వస్తూ ఎక్కించుకుంటాను. ఆ పావుగంట ఎక్కువగా అది వెనకాల కూర్చుని ఏదో పాడుకుంటూ ఉంటుంది, లేదా ఆకలేస్తుంది అంటుంది, అంతే. ఒకరోజు బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాం, పక్కన బస్సు, ముందు ఆటోలు, హారన్ల గోల, వెనక నుంచి నా చొక్కా పట్టుకుని లాగి "నాన్నా, తాతయ్య ఇప్పుడు పరలోకంలో ఉన్నాడా, సమాధుల తోటలో ఉన్నాడా?" అంది. మా నాన్నగారు పోయి అప్పటికి చాలా నెలలైంది. నేను ఏదో అనబోయేలోపు మళ్ళీ అదే, "అయ్యగారు ఆ రోజు రెండూ చెప్పారు కదా, అక్కడ నిద్రపోతున్నాడన్నారు, మళ్ళీ దేవుడి దగ్గరున్నాడన్నారు."

సిగ్నల్ పడింది, వెనకాల అందరూ హారన్లు. కొంచెం ముందుకెళ్ళి చెరుకురసం బండి పక్కన స్కూటర్ ఆపాను. శరీరం అక్కడుంది, తాతయ్య దేవుడి దగ్గరున్నాడు, ఒకరోజు ఆ శరీరాన్ని కూడా దేవుడు లేపుతాడు, అని నాకు చేతనైనట్టు చెప్పాను. మరి తాతయ్య మనల్ని చూస్తున్నాడా అంది. అది నాకు తెలీదమ్మా అన్నాను. కాసేపు ఆలోచించి, "నేను చూస్తున్నాడనే అనుకుంటాను" అంది, చెరుకురసం అడిగింది, తాగింది, ఇంటికొచ్చాం.

ఆ ప్రశ్న దాని లోపల ఎన్నాళ్ళ నుంచి తిరుగుతుందో. సండేస్కూల్లో అడగలేదు, వాళ్ళమ్మని అడగలేదు, ఆ సిగ్నల్ దగ్గర ఎందుకు బయటికొచ్చిందో దానికే తెలీదు. ఆ రోజు నేను గృహకూడికలో ఉండి, దాన్ని ఎదురింటి అబ్బాయి తెచ్చి ఉంటే ఆ ప్రశ్న ఏమయ్యేది? ద్వితీయోపదేశకాండము ఆరులో మోషే పిల్లలకి నేర్పమన్నది ఎక్కడెక్కడ? ఇంట కూర్చుండునప్పుడు, త్రోవను నడుచునప్పుడు, పండుకొనునప్పుడు, లేచునప్పుడు. అందులో గుడారం పేరు లేదు, కూడిక పేరు లేదు. అవన్నీ మామూలు రోజులో దొరికే నిమిషాలు, నాన్న అక్కడ ఉంటేనే దొరికేవి.

నా స్నేహితులిద్దరి గురించి కూడా రాయాలి. ఇద్దరూ నాతో పాటు హాస్టల్లో చదివినవాళ్ళే. ఒకడు కువైట్‌లో డ్రైవర్, రెండేళ్ళకోసారి వస్తాడు. రోజూ రాత్రి వీడియో కాల్‌లో కూతురితో బైబిల్ ఒక అధ్యాయం చదివిస్తాడు, అది తప్పు చదివితే ఇక్కడున్న నాకంటే ముందు వాడికే తెలుస్తుంది. ఇంకొకడు ఇదే ఊళ్ళో, పెద్ద సంఘంలో పెద్ద బాధ్యతలో ఉన్నాడు, మంచివాడు, ఒక్క రూపాయి ముట్టనివాడు, ఎవరికి ఏ కష్టమొచ్చినా ముందు నిలబడతాడు. వాడి కొడుకు ఇంటర్. మొన్న వాళ్ళింటికి వెళ్తే ఆ పిల్లాడు నాతో అరగంట మాట్లాడాడు, కాలేజీ గురించి, వాడికి ఇంజనీరింగ్ ఇష్టం లేదని, హోటల్ మేనేజ్‌మెంట్ చదవాలనుందని. మీ నాన్నతో చెప్పావా అంటే "నాన్నకి ఎప్పుడు చెప్పాలి అంకుల్, ఆయన ఇంట్లో ఉన్నప్పుడు కూడా ఫోన్లో ఎవరికో ప్రార్థన చేస్తుంటారు" అన్నాడు. కోపంగా అనలేదు, మామూలుగానే అన్నాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కువైట్‌లో ఉన్నవాణ్ణి చూస్తే దూరం ఒక్కటే కాదనిపిస్తుంది, ఊళ్ళో ఉన్నవాణ్ణి చూస్తే దగ్గరగా ఉండటం ఒక్కటే చాలదనిపిస్తుంది. అందుకే ఇంట్లో ఉంటే అన్నీ సరైపోతాయని నేను అనట్లేదు. కానీ ఇంట్లో లేనివాడికి ఆ అవకాశం కూడా ఉండదు.

ఏం చెయ్యొచ్చు

ఇవన్నీ అయ్యగారితో కూర్చుని మాట్లాడాను. ఆయనకీ ఇద్దరు పిల్లలు, ఆయన అన్న మాట ఒకటి నేను ఊహించలేదు, "బాబూ, నాకు మాత్రం ఎవరిస్తారు ఆ సెలవు" అన్నారు. నిజమే, సంఘ కాపరి ఇల్లు గురించి మనలో ఎవరు ఆలోచిస్తాం? అర్ధరాత్రి ఫోన్ చేస్తాం, పండగ రోజు పిలుస్తాం, ఆయన పిల్లలు ఆదివారం అల్లరి చేస్తే మాత్రం అయ్యగారి పిల్లలై ఉండి కూడా అంటాం. సోమవారం ఆయన్ని ఎవరూ పిలవకూడదని అసలు ఒక నియమం పెట్టాలి.

సంఘ సభ్యులందరూ కూర్చునే జనరల్ బాడీలో నేను అడగబోయేవి పెద్ద విషయాలేం కాదు. కమిటీ మీటింగు రాత్రి వద్దు, ఆదివారం ఆరాధన తర్వాత గంట, అంతకు మించితే మళ్ళీ నెల. పదేళ్ళ లోపు పిల్లలున్నవాళ్ళకి ఒక్క బాధ్యత కంటే ఎక్కువ ఇవ్వొద్దు, డబ్బు లెక్కలు, కట్టడం పనులు లాంటి టైం తినేవి అసలే వద్దు, వాటికి రిటైరైనవాళ్ళు మన దగ్గర చాలామంది ఉన్నారు, వాళ్ళకి ఓపికా ఉంది, వాళ్ళని ఎవరూ అడగట్లేదు. గృహకూడిక పెడితే పిల్లలతో సహా రమ్మనండి, ఎనిమిదిన్నరకి ముగించండి, పిల్లలు గోల చేస్తే చెయ్యనివ్వండి. ఆరాధనలో నాన్న పక్కన కూర్చుంటానన్న పిల్లల్ని అటు పంపండి, మగవాళ్ళ వైపు చాప మీద చోటుంది. ఉపవాస ప్రార్థనకి రాని తండ్రిని ఎందుకు రాలేదని అడిగే బదులు పిల్లలు ఎలా ఉన్నారని అడగండి.

ట్రెజరర్‌గా బ్యాంకులో చేసి రిటైరైన ఒక అంకుల్ ఒప్పుకున్నారు. ఏడాది చివర ఆడిట్‌కి కావలసిన స్టేట్‌మెంట్లు నేను తయారుచేసి ఇస్తానని ఆయనకి మాటిచ్చాను, రిజిస్టర్, రశీదు పుస్తకాలు ఇంటికి పంపిస్తే పిల్లలు పడుకున్నాక ఆ పని చేసుకోగలను. జనరల్ బాడీ వచ్చే నెల. మీ సంఘాల్లో చిన్నపిల్లల తండ్రులకి ఇలాంటి వెసులుబాటు ఎక్కడైనా ఇప్పటికే ఉంటే, అది ఎలా నడుస్తుందో, దానివల్ల పనులు ఆగాయో లేదో నాకు చెప్పండి, అక్కడ నిలబడి మాట్లాడేటప్పుడు నాకు అది కావాలి.